స్టవ్ కట్టి ఉంది, సరి

జనవరి 9

ఈ నోటుపుస్తకం మా అమ్మాయి సయోరి కొనిచ్చింది. "అమ్మా, నువ్వు ఇంట్లో ఉప్పు ఎప్పుడు అయిపోయిందో కూడా రాసిపెడతావుగా. ఇదీ రాయి. ఎవరూ చూడం" అంది. శనివారం డాక్టరు దగ్గరికి వెళ్ళాలట. ఆ ఏర్పాటు కూడా తనే చేసింది, నన్ను అడక్కుండా.

నాకు జబ్బేమీ లేదు. జాగ్రత్త ఉంది. యాభై ఏడేళ్ళుగా దాన్ని ఎవరూ జబ్బనలేదు. చెత్త వేరుచేయడంలో పేటలో ఎవరికి సందేహం వచ్చినా, పక్కింటి ఉసుయ్ గారు "తోకితా గారిని అడగండి, ఆవిడ తప్పు చెయ్యరు" అంటుంది.

అయినా నవంబరు భోజనం సంగతి రాయకపోతే ఈ పుస్తకం అబద్ధంతో మొదలైనట్టే. సయోరిని చేసుకోబోయే అబ్బాయి తల్లిదండ్రులు ఇనుయ్ దంపతులు. వాళ్ళతో అది మొదటి భోజనం. మావారు డ్యూటీ దిగి అటునుంచి అటే వస్తారు. నేను పదకొండూ అయిదు బండి ఎక్కాలి. స్టేషనుకు వెళ్ళి, స్టవ్ కట్టేశానో లేదో అని మూడుసార్లు ఇంటికి తిరిగొచ్చాను. తర్వాతి బండిలో చేరేసరికి యాభై నిమిషాలు ఆలస్యం. అందరూ నా వంక చూస్తున్నారు. "బండి ఆలస్యమైందండీ" అని నోట్లోంచి వచ్చేసింది.

ఆ లైనులో మావారు నలభై రెండేళ్ళుగా రైలు నడుపుతున్నారు.

ఆయన చాప్‌స్టిక్స్ కింద పెట్టారు. లేచి నిలబడి, ఇనుయ్ దంపతులకు నడుము వంచి నమస్కరించారు. "మా రైలు వల్ల మీకు ఇబ్బంది కలిగింది, క్షమించండి" అన్నారు. కూర్చుని మిగిలిన చేప తినేశారు. ఇంటికి వచ్చేటప్పుడు ఆ మాట ఎత్తలేదు. ఇప్పటిదాకా ఎత్తలేదు.

ఈ రోజు స్టవ్ చూసింది రెండుసార్లే.

జనవరి 10

నిన్న రాసింది సరికాదు. రెండుసార్లంటే రెండు విడతలు. విడతకు ఎన్నిసార్లో లెక్క వెయ్యలేదు.

జనవరి 11

డాక్టరు పేరు హిబినో. అరవై దాటిన ఆవిడ. స్వెట్టరు మోచేతి దగ్గర పోగు ఊడింది. అది కుట్టించుకోమని చెప్పాలా వద్దా అని ఆలోచిస్తుంటే మొదటి రెండు ప్రశ్నలు సగమే వినబడ్డాయి.

"రోజుకు ఎంతసేపు చూస్తారమ్మా ఇవన్నీ?"

"ఒక పది నిమిషాలు."

పక్కన సయోరి దగ్గింది.

"గంట ఉంటుందేమో."

మళ్ళీ దగ్గింది.

"మూడు గంటలు" అన్నాను. "అమ్మాయికి జలుబు చేసినట్టుంది, దానికేదైనా మందివ్వండి."

డాక్టరు నవ్వలేదు. నాకు అది నచ్చింది. మావారి ఉద్యోగం అడిగి, కాగితం మీద ఒక లెవెల్ క్రాసింగ్ గీసింది.

"రైలు వస్తే గంట మోగుతుంది. వెళ్ళిపోతే ఆగుతుంది. మీ తలలో రైలు వెళ్ళిపోయినా గంట మోగుతూనే ఉంది. మెదడు ముందు భాగం ప్రమాదం అంటుంది. లోపల ఉన్న భాగాలు, చూశాంలే, అయిపోయింది అని సర్దిచెప్పాలి. మీకు ఆ సర్దిచెప్పడం సరిగా జరగడం లేదు. అదే కబురు తిరిగి తిరిగి అక్కడికే వస్తోంది. గంట ఆపాలని మీరు వెళ్ళి స్టవ్ చూస్తారు. చూసినప్పుడల్లా గంటకు ఇంకా బలం వస్తుంది."

"ఎందుకలా అయింది?"

"పూర్తిగా ఎవరికీ తెలీదు. ఆ దారిలో కబుర్లు మోసే వాటిలో సెరటోనిన్ ఒకటి. దాని తీరు సరిచేసే మందులు చాలామందికి పనిచేస్తాయి. కొంత వంశంలోనూ వస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

ఎవరికీ లేదన్నాను. తర్వాత మా అమ్మ బియ్యం కడగడం గుర్తొచ్చింది. ఇరవై ఒక్క నీళ్ళు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ ఒకటి నుంచి. ఆ ఇంటి అన్నం ముత్యాల్లా ఉంటుందని ఊరంతా అనేవారు. చలికాలం అమ్మ వేళ్ళు పగిలి నెత్తురొచ్చేది. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఇదంతా డాక్టరుకు చెప్పాను.

"అయితే ఇది నా గుణం కాదా?"

"గంట ఆగకపోతే గేటు దగ్గర మనిషి గుణం మంచిది కాదంటామా?"

మందు పేరు ఫ్లువోక్సమీన్. చిన్న మోతాదుతో మొదలుపెట్టి పెంచుతారట. దిగులుకు ఇచ్చేదానికంటే దీనికి తరచూ ఎక్కువే కావాలట. గుణం కనబడడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చట. దానితోపాటు సాధన కూడా చెయ్యాలి.

"ఇది వేసుకుంటే అజాగ్రత్త వస్తుందా?" అని అడిగాను.

"రాదు."

"కాస్త వచ్చినా బాగుండును" అంది సయోరి.

జనవరి 12

మందుతో ఇచ్చిన కాగితం నాలుగుసార్లు చదివాను. వికారం రావచ్చు. మగత రావచ్చు. కాఫీ, పచ్చ టీ ఎక్కువ తాగకూడదు, ఈ మందుతో వాటి ప్రభావం ఒంట్లోంచి త్వరగా పోదట. రోజుకు ఆరు కప్పుల టీ తాగే మనిషికి ఇది జబ్బు కంటే పెద్ద శిక్ష. మాత్రలు లెక్కపెట్టి డ్రాయరులో పెట్టాను. ఇంకా వేసుకోలేదు.

సాయంత్రం మావారు వంటగదిలోకి వచ్చి నిలబడ్డారు. ఈయన పేరు కియొహారు. ఇక్కడ పేరు రాస్తే తప్పేం లేదు.

"ఏమోయ్, మందులు తర్వాత. మా పద్ధతి చూపిస్తా, రా."

చెయ్యి చాపి, వేలు చూపించి, పైకి అన్నారు: "స్టవ్ కట్టి ఉంది, సరి."

రైలు నడిపేవాళ్ళందరూ అలాగే చేస్తారు. సిగ్నల్ పచ్చ, సరి. తలుపులు మూశారు, సరి. కంటితో చూసి, వేలితో చూపి, నోటితో అంటే మనసు తప్పించుకోలేదట.

"నలభై రెండేళ్ళలో నాకు ఒక్కసారి కూడా సందేహం రాలేదు" అన్నారు.

జనవరి 13

అద్భుతం. స్టవ్ వైపు వేలు చూపించి "సరి" అన్నాను. చేపల కొట్టుకు వెళ్ళి కాడ్ చేప తెచ్చాను. దారిలో ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. మందు ఎందుకు?

జనవరి 14

సరి.

జనవరి 16

కొంచెం పెరిగింది. వేలు తిన్నగా చూపించానా వంకరగా చూపించానా అని సందేహం వస్తోంది. వంకరగా చూపిస్తే చూపించినట్టు కాదు. మాట స్పష్టంగా అనకపోయినా అన్నట్టు కాదు.

ఉసుయ్ గారు గోడ అవతలి నుంచి పలకరించింది. "తోకితా గారూ, ఒక మాటడుగుతా ఏమీ అనుకోకండి. పొద్దున్నించీ మీ ఇంట్లోంచి బండి బయల్దేరుతూనే ఉంది. ఒక్కటి కూడా వెళ్ళినట్టు లేదు."

మావారికి రిటైర్మెంటు దగ్గర పడింది, నాకు నేర్పుతున్నారు అన్నాను. ఈ మధ్య అబద్ధాలు చకచకా వచ్చేస్తున్నాయి, అన్నీ రైలు మీదే.

జనవరి 18

నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను. చెయ్యి నొప్పి. మావారు గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నారని తెలియలేదు.

కోప్పడతారనుకున్నాను. బల్ల దగ్గర కూర్చోబెట్టి, తనే టీ పోశారు.

"నాదే పొరపాటు. మేం ఒక్కసారే చూపించి ఎందుకు ఊరుకుంటామో నీకు చెప్పలేదు. చూపించాక బండి కదుల్తుంది. ఇంక అక్కడ నిలబడే వీల్లేదు. నీకు బండి కదలడం లేదు."

కప్పు నా ముందుకు జరిపారు.

"మార్చి ముప్పై ఒకటి నా ఆఖరి బండి. మన స్టేషనులో ఒకటీ పద్దెనిమిది. ఇంట్లోవాళ్ళు ఎక్కి నా వెనకాల నిలబడి ఆఖరి స్టేషను దాకా రావడం మాలో అలవాటు. నువ్వు రావాలి."

ముప్పై ఒక్కేళ్ళ కాపురంలో ఈయన నన్ను ఏదీ అడగలేదు. కూరలో ఉప్పు తక్కువైనా అడగరు.

"నా కోసం కాసేపు ఆపుతారా?" అన్నాను, నవ్వుతూనే.

"రెండు సెకన్లు కూడా ఆపను."

మొదటి మాత్ర వేసుకున్నాను.

జనవరి 19

వేసుకున్నానా?

డ్రాయరులోంచి మాత్రల అట్ట తీసి చూశాను. ఒక గుంత ఖాళీగా ఉంది. మాత్ర నేల మీద పడిందేమోనని ఫ్రిజ్ కింద టార్చి వేసి చూశాను. మందుల షాపమ్మాయికి ఫోన్ చేస్తే, ఈసారి నుంచి తేదీ వేసిన పొట్లాల్లో కట్టిస్తానంది. "చాలామంది అడుగుతారండీ" అంది. ఆ "చాలామంది" అన్న మాట రోజంతా బాగుంది.

జనవరి 26

వికారం. అన్నం వాసన పడటం లేదు. చూసే లెక్కలో మాత్రం ఏ మార్పూ లేదు. నన్ను చూసి మావారు కూడా పచ్చ టీ మానేసి బార్లీ టీ తాగుతున్నారు. మొహం చూస్తే నాకంటే ఆయనకే వికారంగా ఉన్నట్టుంది.

ఫిబ్రవరి 8

వికారం తగ్గింది. మోతాదు పెంచారు. సాధన కూడా మొదలైంది. స్టవ్ ఒక్కసారి చూసి బయటికి వెళ్ళిపోవాలి. భయం వందకు ఎంతో పది నిమిషాలకోసారి రాయాలి. ఏమీ చెయ్యకుండా ఉంటే అదే దిగుతుందట. తొంభై, తొంభై, తొంభై అయిదు, ఎనభై, డెబ్బై. నలభై నిమిషాలు మంచులో నిలబడ్డాను. గీతలు గీసి పట్టిక చేశాను. పట్టిక చాలా బాగా వచ్చింది.

ఇంట్లోవాళ్ళకు కూడా పని ఇచ్చింది డాక్టరు. నేను "కట్టానా?" అని అడిగితే జవాబు చెప్పకూడదు.

ఫిబ్రవరి 12

బాగుంది.

ఫిబ్రవరి 13

బాగుంది.

ఫిబ్రవరి 14

బాగుంది. రాయడానికి ఏమీ లేదు.

ఫిబ్రవరి 17

ఉంది. పదకొండో తేదీ నుంచి మందు మానేశాను. బాగానే ఉన్నానుగా, ఇదంతా నా పట్టుదలే, మందుకు పేరెందుకు రావాలి అనుకున్నాను. రెండు రోజులు హాయిగా ఉంది. మూడో రోజు తల తిరిగింది. నిన్న స్టవ్ అరవై ఒక్కసారి.

సయోరి లేకుండా నేనే డాక్టరు దగ్గరికి వెళ్ళి చెప్పాను.

"కళ్ళజోడు పెట్టుకుంటే బాగా కనిపిస్తోందని, ఇంకెందుకులే అని తీసేస్తారా?" అంది.

"కళ్ళజోడు ఎంతకాలం పెట్టుకోవాలి?"

"బాగుపడ్డాక కూడా ఏడాది పైన. తర్వాత ఇద్దరం కూర్చుని మెల్లగా తగ్గిద్దాం. మీ అంతట మీరు ఆపకండి."

ఆరు రోజులు పోగొట్టుకున్నాను. మార్చి ముప్పై ఒకటికి ఇంకా నలభై రెండు రోజులు. సరిపోతాయా అని అడిగాను. చెప్పలేనంది. ఈవిడ అబద్ధం చెప్పదు.

ఫిబ్రవరి 27

గొడవ.

"స్టవ్ కట్టానా?"

"డాక్టరమ్మ చెప్పొద్దంది."

"తల ఊపండి చాలు."

"తల గురించి కూడా చెప్పింది."

"ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోతుంది?"

"చెబితే నీ సొమ్మే పోతుందట."

పళ్ళెం కాస్త గట్టిగానే పెట్టాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. పేపరు తలకిందులుగా ఉంది. చెప్పకుండా ఉండడం ఆయనకూ కష్టంగానే ఉంది. భయం ఎనభై అయిదు నుంచి అరగంటలో యాభై.

మార్చి 9

చేపల కొట్టులో నిలబడి ఉండగా గుర్తొచ్చింది, వీధి తలుపు లాగి చూడకుండా వచ్చేశానని. మర్చిపోయాను. నేను, మర్చిపోయాను. కొట్టతను ఏం కావాలమ్మా అని రెండుసార్లు అడిగాడట.

గంట ఆగలేదు. రెండు వీధుల అవతల మోగుతున్నట్టుంది. రోజుకు మూడు గంటలు కాస్తా నలభై నిమిషాలు అయింది.

మార్చి 22

స్టేషను దాకా సాధన. పోస్టాఫీసు దగ్గర వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను.

మార్చి 23

మళ్ళీ వెళ్ళాను. పోస్టాఫీసు దాటాను. ప్లాట్‌ఫారం మీద ఇరవై నిమిషాలు కూర్చున్నాను. ఏ బండీ ఎక్కకుండా వచ్చేస్తుంటే టికెట్ల దగ్గరాయన, "తోకితా గారి ఆవిడ కదూ, ఎవరి కోసమండీ?" అన్నాడు. ముప్పై ఒకటో తారీకు కోసం అన్నాను.

మార్చి 29

సయోరి ఫోన్. ఆఖరి స్టేషనుకు ఇనుయ్ దంపతులు కూడా వస్తారట. కాబోయే మామగారికి రైళ్ళంటే ప్రాణమట, ఆఖరి బండి ఆగడం చూడాలన్నారట. ఇప్పుడు సమయానికి చేరితే చాలదు. వాళ్ళ ముందు ఒక మాట సరిచెయ్యాలి.

మార్చి 31

మావారు పొద్దున ఆరున్నరకే తయారయ్యారు. ముందు గదిలో కూర్చుని బార్లీ టీ తాగారు, లేచారు, మళ్ళీ కూర్చున్నారు. తెల్ల చేతి తొడుగులు మూడుసార్లు జేబులోంచి తీసి చూసుకున్నారు. గుమ్మం దగ్గర "ఒకటీ పద్దెనిమిది" అన్నారు. "తెలుసు" అన్నాను. స్టవ్ గురించి ఇద్దరం ఏమీ అనుకోలేదు.

ఒంటిగంటకు స్టవ్ ఒక్కసారి చూశాను. వేలు చూపించలేదు. కోటు వేసుకుని బయటికి వచ్చి తాళం వేశాను.

పోస్టాఫీసు దగ్గర భయం డెబ్బై. ప్లాట్‌ఫారం మీదికి చేరేసరికి ఒకటీ తొమ్మిది, భయం తొంభై. ఇంకా తొమ్మిది నిమిషాలుంది. ఇంటికి వెళ్ళి రావడానికి పరుగెడితే ఎనిమిది. ఒక నిమిషం మిగులుతుంది. నవంబరులో నన్ను మూడుసార్లు ఇంటికి లాక్కెళ్ళింది ఇదే లెక్క. ఎప్పుడు వేసినా ఒక నిమిషం మిగులుతుంది.

నీలం మంట కనబడింది. దాని మీద గిన్నె. గిన్నెలో ఏముందో కూడా కనబడింది. అసలు ఈ రోజు నేను వంటే చెయ్యలేదు, నిన్నటి అన్నం చల్లగానే తిన్నాను. ఆ సంగతి తెలుసు. తెలిసినంత మాత్రాన మంట ఆరలేదు.

కాళ్ళు గేటు వైపు తిరిగాయి. తిరగనిచ్చాను. వెళ్ళనివ్వలేదు. ఒకటీ పది. ఒకటీ పదకొండు. బెంచీ చివర గట్టిగా పట్టుకున్నాను. ఇక పరుగెత్తినా వెళ్ళి రావడానికి వేళ చాలదు. ఆ క్షణం ఏడుపొచ్చింది, కొంచెం హాయిగా కూడా అనిపించింది.

రెండు పెట్టెల బండి సరిగ్గా గీత మీద ఆగింది. మావారు నా వైపు చూడలేదు. గడియారం వైపు వేలు చూపించి ఏదో అన్నారు, అద్దం అవతల పెదాలు కదిలాయి. తలుపు తెరుచుకుంది. ఎక్కాను. తలుపు మూసుకుంది. బండి కదిలింది.

ఆయన వెనక, అద్దానికి ఇవతల నిలబడ్డాను. తొంభై. మూడో స్టేషను దాకా తొంభైయే. పొలాల దగ్గర ఎనభై. నది వంతెన మీద అరవై. మధ్యలో రెండు స్టేషన్ల పాటు రాయడం మర్చిపోయాను, ఆయన మెడ వెనక తెల్లబడ్డ జుట్టు చూస్తూ ఉండిపోయాను. ఎప్పుడు తెల్లబడిందో ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. ఆఖరి స్టేషనులో ముప్పై అయిదు.

ఆయన దిగి, టోపీ తీసి, బండికి వంగి నమస్కరించారు. తోటివాళ్ళు చప్పట్లు కొట్టారు. సయోరి పూలిచ్చింది. ఆ పూలు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"స్టవ్ కట్టావా?"

"ఏమో, తెలీదు" అన్నాను.

ఆయన మొహం ముడతలు పడేలా నవ్వారు. "తెలీకుండానే ఇంత దూరం వచ్చావా?"

"మీరు రెండు సెకన్లు కూడా ఆపనన్నారుగా."

ఇనుయ్ గారు మెడలో కెమెరాతో వచ్చారు, వెనకే ఆయన భార్య. ఇంకాసేపు ఆగితే చెప్పలేనని వెంటనే వాళ్ళ ముందు వంగాను. "నవంబరులో బండి ఆలస్యం కాలేదండీ. నేనే ఆలస్యం. ఇల్లు వదలలేని జబ్బు నాది, ఇప్పుడు మందు తీసుకుంటున్నాను. ఈయన లేని తప్పుకు క్షమాపణ చెప్పారు."

ఇనుయ్ గారు కెమెరా మూత పెట్టారు.

"తెలుసమ్మా. ఆ రోజు పదకొండూ అయిదు బండిలో మేమూ ఉన్నాం. ఒక్క నిమిషం తేడా రాలేదు."

మావారి చేతిలో పూలు కిందికి వాలాయి. "తెలిసి కూడా ఏమీ అనలేదా?"

"ఏమంటాం? రైలాయన లేచి, తన రైలు మీద పడ్డ నింద తలమీద వేసుకుని, భార్యను ఒక్క చూపు కూడా చూడకుండా కూర్చుని చేప తిన్నాడు. ఇంటికెళ్ళేటప్పుడు మా ఆవిడతో అన్నాను, ఈ సంబంధం వదలొద్దని."

"అవునండీ" అంది ఆవిడ. "ఈయన నా మీద పడాల్సిన నింద అలా ఎప్పుడు మోస్తారా అని అప్పట్నుంచీ చూస్తున్నా."

సయోరి ఎంత నవ్విందంటే స్టేషను మాస్టరు బయటికి వచ్చి చూశాడు.

అందరం ఉడోన్ నూడుల్స్ తిన్నాం. నాలుగింటి బండిలో ఇద్దరం తిరిగొచ్చాం. ప్రయాణికుడిలా కూర్చోవడం ఆయనకు చేతకాలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పూలే ఒళ్ళో పెట్టుకున్నారు.

ఇంటికి చేరేసరికి అయిదు దాటింది. స్టవ్ కట్టే ఉంది. ముందు గదిలో మాత్రం కొటాట్సు బల్ల మీద కప్పిన దుప్పటి అంచు వెచ్చగా తగిలింది. ఎత్తి చూస్తే, బల్ల కింద హీటరు ఎర్రగా వెలుగుతోంది. పొద్దున ఆరున్నర నుంచి.

నేను ఈ రోజు దాని దగ్గరికే రాలేదు. నేను చూసే వస్తువుల్లో కొటాట్సు ఏనాడూ లేదు కూడా.

మావారు సాక్సులతో నిలబడి దాన్ని చూశారు. "ఇది ఎవరు..." అని మొదలుపెట్టి, ఆగిపోయారు. చెవులు ఎర్రబడ్డాయి.

ఇల్లు కాలలేదు. దుప్పటి కూడా కాలలేదు. ఆయన తొందరగా స్విచ్చి వైపు చెయ్యి చాపారు.

"ఉండనివ్వండి" అన్నాను.

ఇద్దరం కాళ్ళు లోపలికి పెట్టి కూర్చున్నాం. పదిగంటలుగా మా కోసమే కాచి ఉంచినట్టుంది.